పడమటి రేవు తరగతి

సోమవారం ఉదయం తబిత బల్ల మీదికి ఏడు తేడా కాగితాలు వచ్చాయి. ఆమె వాటి అంచులు కలిసేలా రెండుసార్లు బల్లకు తట్టి, కళ్ళజోడు కొంగుతో తుడిచి పెట్టుకుని, ఎర్ర కలం మూత తీసి దాని వెనకకు తగిలించింది. మూతను ఎక్కడ పడితే అక్కడ పెట్టే అమ్మాయిలంటే ఆమెకు గిట్టదు.

కాశీబుగ్గలో ఒక బట్టల దుకాణం మీది పొడుగాటి గది అది. గోడ వారగా ఎనిమిది కంప్యూటర్లు, వాటి ముందు ఎనిమిది మంది అమ్మాయిలు, తలుపు దగ్గర తనిఖీ బల్ల, దాని వెనక తబిత. యజమాని తిరుపతిరావు పెట్టిన ఇంగ్లీషు పేరు బోర్డు మీదే ఉండిపోయింది. ఊళ్ళో అందరూ దాన్ని కంప్యూటర్ మేడ అంటారు. రెండు వేల ఆరో సంవత్సరం వేసవిలో బెంగళూరు నుంచి ఆ మేడకు వచ్చిన పని, భూమి మీద ఎక్కడా లేని ఒక నగరానికి సంబంధించినది. ఆ నగరం పేరు కర్వేలా. విదేశంలో వీడియో ఆటలు తయారుచేసే వాళ్ళు అప్పటికి నాలుగు ఆటలను ఆ నగరంలోనే నడిపించారు, ఐదోది తయారవుతోంది. నాలుగు ఆటల్లోనూ కనిపించిన డెబ్భై నాలుగు పేటలను, మామూలు టైపు పని మధ్యలో రోజుకు కొన్ని చొప్పున, ఒకటి నుంచి ఐదు వరకు తరగతులుగా విడదీసి పంపాలి. ఐదో ఆటలో ఒకటో తరగతి పేటకు వీధిదీపాలు దగ్గర దగ్గరగా ఉంటాయి, పిలిస్తే అంబులెన్సు వస్తుంది, ఎదురుపడినవాళ్ళు మర్యాదగా పలకరిస్తారు. మూడో తరగతి వరకు దీపాలూ అంబులెన్సూ ఉంటాయి. ఐదో తరగతి పేటలో దీపాలు ఉండవు, అంబులెన్సు రాదు, ఎదురుపడినవాళ్ళు బూతులాడతారు.

పని పద్ధతిని తిరుపతిరావే ఏర్పరచాడు. ఒక్కొక్క పేటను ఇద్దరు అమ్మాయిలు ఒకరికొకరు చెప్పుకోకుండా చూసి అంకె వేస్తారు. ఇద్దరి అంకె ఒకటైతే సరే. వేరైతే ఆ కాగితం తబిత దగ్గరకు వస్తుంది. ఆమె ఏ అంకెను ఖాయం చేస్తే అది సరి, రెండో అంకె వేసిన అమ్మాయి పేరున ఒక తప్పు. పది తప్పులు నిండిన అమ్మాయి మర్నాటి నుంచి రానక్కరలేదు.

తబితకు తీర్పు చెప్పడానికి ఎక్కువ సేపు పట్టదు. ఈ బల్ల దగ్గరకు రాకముందు పధ్నాలుగేళ్ళు ఆమె జీడిపప్పు కార్ఖానాలో గ్రేడింగ్ బల్ల ముందు కూర్చుంది. పళ్ళెంలో పోసిన పప్పును వేలి కొసతో తిప్పి గుండు ఒకవైపు, బద్ద ఒకవైపు, మాడింది ఒకవైపు తోస్తూ పోయే చెయ్యి ఆమెది. ఆ బల్ల దగ్గర చెప్పకుండానే అందరికీ తెలిసిన నియమం ఒకటి ఉండేది: అనుమానం వస్తే కింది రకం. కింది రకం గింజ ఒకటి పై డబ్బాలో పడితే కొన్నవాడు డబ్బా అంతా తిప్పి పంపుతాడు. పై రకం గింజ కింది డబ్బాలో పడితే ఎవరూ ఏమీ అడగరు. గింజ అసలే అడగదు. తిరుపతిరావు ఆమెను తీసుకొచ్చి ఈ కుర్చీలో కూర్చోబెట్టింది ఆ చేతి ఒడుపు చూసే. ఈ నెల రోజుల్లో తన దగ్గరకు వచ్చిన ప్రతి తేడానూ ఆమె ఆ నియమంతోనే తీర్చింది. తాను అలా తీరుస్తున్నానని ప్రత్యేకంగా అనుకోలేదు. చెయ్యి అటే పోయింది.

ఏడో కాగితం పడమటి రేవు అనే పేటది. లక్ష్మీకుమారి ఐదు వేసింది. నూకరత్నం మూడు వేసింది.

కాగితంతో పాటు ఆరు గుర్తుల పట్టిక ఉంది. ఇరుకు సందులు, రేకు కప్పులు, ఆరుబయట ఎండబెట్టిన సరుకు, వీధిదీపాలు లేకపోవడం, పనిలేక వీధిలో కూర్చున్న జనం, పగిలిన కిటికీలు. నాలుగు కనిపిస్తే ఐదో తరగతి. లక్ష్మీకుమారి మొదటి ఐదింటికీ టిక్కు పెట్టింది. నూకరత్నం మొదటి మూడింటికే పెట్టి ఊరుకుంది. తబిత జతచేసిన బొమ్మను చూసింది. సందు ఇరుకు. కప్పులు రేకులు. వరసగా చేపలు ఎండుతున్నాయి. దీపస్తంభం ఒక్కటీ లేదు. గుమ్మాల ముందు ఆడవాళ్ళు కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. ఆమె ఎర్ర కలం అయిదు అంకె మీదకు వెళ్ళింది.

"అప్పా, ఒక్కమాట," అంది నూకరత్నం, తన కుర్చీ వదిలి వచ్చి.

ఆమెది అక్కుపల్లి, చేపలు పట్టే కుటుంబం. డిగ్రీ పూర్తయి రెండేళ్ళయింది. మిగిలిన అమ్మాయిలు తబితను మేడమ్ అంటే, ఈ అమ్మాయి మాత్రం ఇంట్లో పెద్దక్కను పిలిచినట్టు అప్పా అంటుంది. తబిత మొదటి వారంలో ఒకసారి సరిదిద్ది, తర్వాత వదిలేసింది.

తన పేరున ఇప్పటికి తొమ్మిది తప్పులున్నాయని, ఇది పదోదని నూకరత్నానికి తెలుసు. అయినా ఆమె ఆ మాట ఎత్తలేదు. బొమ్మలు చూసి తను అంకె వేయలేదని, ఆట పెట్టి బాణం మీటలతో ఆ పేటలోకి నడిచి వెళ్ళి చూశానని చెప్పింది. కూర్చున్న ఆడవాళ్ళు పని లేనివాళ్ళు కారు, వల కడుతున్నారు. చీకటి పడితే ప్రతి గుమ్మానికీ ఒక దీపం వెలుగుతుంది, అందుకే వీధికి స్తంభాలు లేవు. నాలుగు ఆటల్లోనూ తిరిగి చూశానని, ఆ పేటలో మనిషిని మనిషి కొట్టడం ఒక్కసారి కూడా లేదని చెప్పింది.

"ఎంత సేపు తిరిగావు?" అని తబిత అడిగింది.

"నలబై నిమిసాలప్పా."

ఒక పేటకు ఇచ్చిన సమయం మూడు నిమిషాలు. తబిత కళ్ళజోడు మీదుగా ఆమెను చూసింది. మిగిలిన ఏడు కీబోర్డుల చప్పుడులో ఒకటి తగ్గింది, లక్ష్మీకుమారి వింటోంది.

"మీ ఊరు గుర్తొచ్చి మూడు వేశావు."

"మా ఊరు కాదప్పా. మాకు పొద్దు సముద్రంలోంచి లేత్తాది, ఆలకి సముద్రంలో గుంకుతాది. ఆ మాత్రం తేడా నాకు తెల్దా?" నూకరత్నం కొంచెం నవ్వింది. అంతలోనే నవ్వు ఆపుకుంది. "సేపలెండేసినారని బీదోలనుకుంతన్నారు గానీ, ఎండేసినోలకి రేపటికి తిండున్నాదని అప్పా. మీరు కూడా ఒకసారొచ్చి సూడండి. ఐదు నిమిసాలు."

తబిత లేవలేదు. బొమ్మలో వల కనిపించడం లేదు. బొమ్మలో దీపం కనిపించడం లేదు. కనిపించనిదాన్ని నమోదు చేయడం ఈ బల్ల పని కాదని, ఒకరికోసం సూత్రం వంచితే రేపు అందరికోసం వంచాలని ఆమె మెల్లగా, పాఠం చెప్పినట్టు చెప్పింది. అయిదు అంకె చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి, కింద సంతకం చేసింది. నూకరత్నం ఆ సంతకం పూర్తయ్యేదాకా నిలబడి, తర్వాత వెళ్ళి తన కుర్చీలో కూర్చుని, సాయంత్రం ఆరు వరకు మిగిలిన పేటలకు అంకెలు వేసింది.

*

మంగళవారం ఉదయం తిరుపతిరావు నూకరత్నాన్ని పిలిచి కూర్చోమన్నాడు. అతను కేకలు వేసే మనిషి కాదు. టీ తెప్పించాడు. రూల్ రూలే కదమ్మా అన్నాడు. బెంగళూరు వాళ్ళకు స్పీడ్ కావాలని, ఆమె చేతిలో స్పీడ్ లేదని, ఇందులో మనసు కష్టపెట్టుకోవలసింది ఏమీ లేదని చెప్పాడు. నూకరత్నం టీ తాగలేదు. వాదించనూ లేదు. టెక్కలిలో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ పనికి శనివారం ఇంటర్వ్యూ ఉందని, వాళ్ళు అనుభవ పత్రం అడిగారని, అది ఇప్పిస్తే చాలునని కోరింది.

పత్రం అచ్చు ఫారమే. పేరు, పనిచేసిన కాలం, హాజరు, పని నాణ్యత. చివరి రెండు గడులనూ తనిఖీదారు తన చేతితో నింపి సంతకం చేయాలి. తిరుపతిరావు దాన్ని తబిత బల్ల మీద పెట్టి, ఏదో ఒకటి మంచిగా రాసెయ్యండి, పోయేదేముంది అన్నాడు.

తబితకు ఆ మాట నచ్చలేదు. అబద్ధపు యోగ్యతాపత్రం ఇచ్చి పంపితే, ఆ కాలేజీలో అదే పనికి నిజాయితీగా పోటీపడే మరొక అమ్మాయికి అన్యాయం చేసినట్టే. హాజరు గడిలో 'ఒక్కరోజు కూడా మానలేదు' అని రాసింది. పని నాణ్యత గడి దగ్గర కలం కాసేపు ఆగింది. తర్వాత గుండ్రటి ఇంగ్లీషు అక్షరాలతో రాసింది: చూసినదాన్ని ఉన్నదున్నట్టు నమోదు చేయదు.

నూకరత్నం పత్రం అందుకుని అక్కడే చదివింది. చదివి, మడతపెట్టి, తన సంచిలోని ప్లాస్టిక్ కవరులో పెట్టుకుంది.

"ఇంకోలాగ రాయడానికి మీకు మనసొప్పదేటప్పా?"

"ఒప్పదు."

"సరే మరి," అంది నూకరత్నం. వెళుతూ లక్ష్మీకుమారి భుజం మీద చెయ్యి వేసి ఏదో చెప్పింది. లక్ష్మీకుమారి తల ఎత్తలేదు. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించినంత సేపూ తబిత తదుపరి కాగితం మీద తేదీ వేస్తూనే ఉంది.

*

మంగళవారం సాయంత్రం పంపిన జాబితాకు గురువారం పది గంటలకు బెంగళూరు నుంచి జవాబు వచ్చింది. ఆట తయారుచేసిన వాళ్ళు తమకు తామే తరగతి నిర్ణయించుకున్న పది పేటలను ఈ డెబ్భై నాలుగింటిలో ముందే కలిపి ఉంచారట. పని నాణ్యతను పరీక్షించడానికి అలా చేస్తారట. ఆ పదింటిలో ఇద్దరమ్మాయిల అంకెలు కలవక తనిఖీకి వెళ్ళినవి ఎనిమిది. ఎనిమిదింటిలోనూ తనిఖీదారు తీర్పు తప్పు. ఎనిమిదింటిలోనూ ఆరో నంబరు కుర్చీలోని అమ్మాయి వేసిన అంకె సరైనది. పడమటి రేవుది మూడో తరగతి. తేడా వచ్చిన పేటల్లో ఆరో నంబరు చూసినవాటన్నింటికీ ఆమె అంకెలనే తీసుకుని శనివారానికి జాబితా మళ్ళీ పంపాలని, పంపితే ఒప్పందం కొనసాగుతుందని రాశారు.

ఆరో నంబరు కుర్చీ ఖాళీగా ఉంది.

తబిత ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. బీరువా తెరిచి నెల రోజుల తేడా కాగితాలన్నీ బల్ల మీద పరిచింది. ముప్పై ఒకటి ఉన్నాయి. ఒక్కొక్కదాన్నీ ఎడమచేతి వైపు బోర్లించుకుంటూ పోయింది. ముప్పై ఒకటిలోనూ రెండు అంకెల్లో ఏది కింది తరగతిదో దాని చుట్టూ తన ఎర్ర సున్నా ఉంది. ఒక్కటైనా తప్పిపోలేదు. పళ్ళెంలో గింజ ఎంత బరువుందో, లోపల ఎలా ఉందో చూడకుండా, పైన మచ్చ కనిపించగానే వేలితో తోసేసినట్టు తోసేసింది.

మధ్యాహ్నం అమ్మాయిలు భోజనాలకు లేచినప్పుడు ఆమె ఆరో నంబరు కుర్చీలో కూర్చుంది. ఏ మీట నొక్కితే ఏమవుతుందో తెలియలేదు. లక్ష్మీకుమారి క్యారియరు మూత పెట్టేసి వచ్చి, పక్కన నిలబడి చూపించింది. పైబాణం ముందుకు. పక్కబాణం మలుపుకు. తబిత రెండుసార్లు గోడకు గుద్దుకుని, మూడోసారి పడమటి రేవు సందులోకి తిరిగింది.

బొమ్మలో కాళ్ళు చాపుకుని కూర్చున్న ముసలమ్మ దగ్గరకు వెళ్ళింది. ముందు నుంచి తీసిన బొమ్మలో ఆమె ఒడిలోని కుప్ప మూటలా కనిపించింది. పక్కకు వచ్చి చూస్తే అది వల. ముసలమ్మ చేతిలో వల అల్లే సూది. అది వల కన్నుల్లోంచి ఒక లయలో లోపలికి పోయి బయటకు వస్తోంది. చేపలు ఎండుతున్నది నేల మీద కాదు, కుక్కలకు అందనంత ఎత్తున కట్టిన తడకల మీద. సందు ఇరుకుగా ఉన్నచోట ఎదురుగా బుట్టతో వస్తున్న మనిషి గోడకు ఒదిగి ఆమెకు దారి ఇచ్చాడు. ఆటలోని పొద్దు ఆటలోని సముద్రంలోకి దిగింది. మొదటి గుమ్మం దగ్గర దీపం వెలిగింది. తర్వాత దాని పక్కది. తర్వాత సందు చివరి వరకూ.

"ఆ పిల్ల సెప్పినట్టే ఉన్నాది కదండి మేడమ్," అంది లక్ష్మీకుమారి, తప్పు తనదైనట్టు.

తబిత గోడ గడియారం చూసింది. కూర్చుని నలభై అయిదు నిమిషాలయింది. ఈ సందులోకి రావడానికి సోమవారం తనను అడిగింది ఐదు నిమిషాలు.

తిరుపతిరావు మధ్యాహ్నం వచ్చినప్పుడు ఆమె లేచి నిలబడి, ముప్పై ఒక్క తీర్పులూ తనవేనని, తప్పని, నూకరత్నం పేరున ఉన్న పది తప్పులూ కొట్టివేయాలని, ఆమెను పిలిపించాలని, అంతవరకు కొత్త అనుభవ పత్రం ఆఫీసు కాగితం మీద ఇవ్వాలని చెప్పింది. అతను శ్రద్ధగా విన్నాడు. అంకెలు మార్చి పంపితే ఒప్పందం నిలబడుతుందని, అది చాలా సంతోషమని అన్నాడు. తక్కిన వాటికి ఒప్పుకోలేదు. ఆమె పది తప్పులూ కొట్టేస్తే అవే తప్పులు లక్ష్మీకుమారి మీదకు వస్తాయి, అప్పుడు లక్ష్మీకుమారిని తీసెయ్యాలి. ఒకే మనిషికి వారం తిరక్కుండా రెండు రకాల పత్రాలిస్తే ఆఫీసు పరువేం కావాలి.

"తబితగారూ, మీరు చేసింది సిన్సియర్‌గానే చేశారు. ఎవరూ మిమ్మల్ని ఏమీ అన్లేదు. ఇంతటితో వొగ్గీయండి."

"నన్ను ఎవరూ ఏమీ అనకపోవడమే తప్పు సార్," అంది తబిత.

అతను నవ్వి, ఫ్యాను వేగం పెంచి, కంప్యూటరు వైపు తిరిగాడు.

*

శుక్రవారం సెలవు చీటీ పెట్టి తబిత పలాస నుంచి ఆటో ఎక్కింది. వజ్రపుకొత్తూరు దాటాక జీడితోటలు, కొబ్బరితోటలు, ఆ తర్వాత ఇసుక. అక్కుపల్లిలో నూకరత్నం ఇల్లు అడగగానే ఒక పిల్ల చేపల బుట్ట నెత్తిన మోస్తూ ముందుగా నడిచి చూపించింది.

ఇంటి ముందు ఇసుకలో చిన్న చిన్న నెత్తళ్ళ చేపలు ఆరబోసి ఉన్నాయి. నూకరత్నం తల్లి దాలమ్మ వంగి, పుల్లల చీపురుతో వాటిని ఒక వైపు నుంచి తిప్పుకుంటూ వస్తోంది. తబిత తనెవరో చెప్పింది. దాలమ్మ నడుము ఎత్తి, ఆమెను కాళ్ళ దగ్గర నుంచి కళ్ళజోడు వరకు చూసింది.

"ఓ, మీరేనా. అద్దాలు మీకుండగా కళ్ళు నేవని మా నూకరత్నం గుంటకి రాసినారట కదా."

పక్క గుమ్మంలో ఎవరో నవ్వారు. తబిత ఆ మాట పడింది. అవునని, ఆ సంగతే మాట్లాడటానికి వచ్చానని చెప్పింది. దాలమ్మ చీపురు పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, నీడలో పీట వాల్చింది. చెంబుతో నీళ్ళిచ్చింది. ఇస్తూ, ఇంటికొచ్చిన మనిషిని ఎండలో నిలబెట్టడం మాకు రాదమ్మా అంది.

నూకరత్నం తడి జుట్టుతో పెరట్లోంచి వచ్చింది. తబిత బెంగళూరు జవాబు సంగతి మొదటి నుంచి చివరి దాకా చెప్పింది. ఏ మాటనూ మెత్తబరచలేదు. ముప్పై ఒకటి అంది. చూడకుండా అంది. తన చేత్తో రాసిన కొత్త ఉత్తరాన్ని సంచిలోంచి తీసి ఇచ్చింది. ఆఫీసు ముద్ర లేని తెల్ల కాగితం. మంగళవారం నేను రాసిన వాక్యం అసత్యం, తప్పు నాది, ఈ అమ్మాయి చూసినదాన్ని ఉన్నదున్నట్టు నమోదు చేసినందువల్లే పని పోగొట్టుకుంది అని అందులో ఉంది.

నూకరత్నం చదివింది. కాగితం మడిచి చేతిలోనే పట్టుకుంది.

"పడమటి రేవు మూడేనా?" అంది.

"మూడే."

"నాను ఆడ తిరిగినప్పుడు మా పెదమ్మలాటి మనిసిని సూసినానప్పా. వల కడతంది. తప్పుడు అంకె ఎలగెయ్యను?"

అప్పుడు అసలు విషయం చెప్పింది. మొదటి పత్రం తన దగ్గర లేదు. సర్టిఫికెట్లన్నీ బుధవారమే తెచ్చి ఇవ్వమంటే, వాటితో పాటు దాన్నీ కాలేజీలో ఇచ్చేసింది. ఇవ్వకపోతే అనుభవం ఉన్నట్టు రుజువుండదు. రేపు పదింటికి ఇంటర్వ్యూ.

"నేను వస్తాను," అంది తబిత వెంటనే. "ప్రిన్సిపాల్ గారికి నేనే చెబుతాను."

ఆ కాగితం వాళ్ళు చదివారో లేదో తెలియదంది నూకరత్నం. తనను ఏమైనా అడిగితే ఈ కొత్త ఉత్తరం చూపిస్తానని, అడగకపోతే ఊరుకోవడం మేలేమోనని అంది.

"మీరొస్తే నాకు మంచిదవుద్దో సెడ్డదవుద్దో నాకు తెల్దప్పా."

"నిజం చెబితే చెడు ఎలా అవుతుంది, అమ్మా?" అంది తబిత. ఆ కంఠంలో తనిఖీ బల్ల దగ్గరి గట్టిదనం ఉంది. "నా సంతకంతో ఒక అబద్ధం ఆ ఫైలులో ఉంది. దాన్ని ఉండనిచ్చి నేను నిద్రపోలేను."

దాలమ్మ కూతురి వైపు చూసింది. కూతురు ఇసుకలో నెత్తళ్ళ వైపు చూసింది. పెద్దావిడ, ఇంత దూరం వచ్చింది. కాదనలేక నూకరత్నం, సరే మరి అంది.

*

శనివారం టెక్కలి కాలేజీ వరండాలో బెంచీ మీద ముగ్గురు అమ్మాయిలు కూర్చున్నారు. నూకరత్నం నీలం చీర కట్టుకుని, జడ గట్టిగా వేసుకుని వచ్చింది. తబిత పక్కన నిలబడే ఉంది. బెంచీ మీద చోటున్నా కూర్చోలేదు.

నూకరత్నాన్ని రెండోదానిగా పిలిచారు. కిటికీలోంచి తబితకు లోపలి మాటలు సగం వినిపించాయి. ఒక లెక్చరర్ ఆమెతో ఏదో టైపు చేయించాడు. ఒక యంత్రం విప్పించి మళ్ళీ బిగించమన్నాడు. ప్రిన్సిపాల్ అక్కుపల్లి నుంచి రోజూ ఎలా వస్తావని అడిగితే, పూండి వరకు ఆటో, అక్కడి నుంచి బస్సు అని చెప్పింది. ల్యాబు తాళాలు ఉదయం ఎనిమిదిన్నరకే తియ్యాలమ్మా అన్నాడాయన. తియ్యగలనండి అంది. ఆయన తల ఊపాడు. ఆ తల ఊపడం బయట వరండాలోకి కూడా తెలిసింది.

నూకరత్నం లేవబోతుండగా తబిత తలుపు దగ్గర నిలబడి లోపలికి రావచ్చా అని అడిగింది.

ప్రిన్సిపాల్ పెద్దవాడు, మర్యాదస్తుడు. కుర్చీ చూపించాడు. తబిత కూర్చోకుండానే తను ఎవరో, ఎందుకు వచ్చిందో చెప్పింది. మీ ఫైలులో ఉన్న అనుభవ పత్రంలో నేను రాసిన మాట అబద్ధమని, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దని, దాని బదులు నూకరత్నం దగ్గరున్న కొత్త ఉత్తరం ఉంచమని కోరింది. అంతా విన్నాక ఆయన కొంచెం ఇబ్బందిగా నవ్వాడు.

"అనుభవ పత్రాలు మేం చదవమండి. ఉందా లేదా చూసి ఫైల్లో పెట్టేస్తాం."

తబిత నూకరత్నం దగ్గర ఉత్తరం తీసుకుని ఆయన బల్ల మీద పెట్టింది.

కానీ ఇప్పుడు ఆయన ఫైలు తెరిచాడు. కాగితాలు తిప్పి, అచ్చు ఫారం బయటకు తీసి, కళ్ళకు దూరంగా పట్టుకుని, పని నాణ్యత గడిలోని వాక్యం చదివాడు. దాన్ని పక్కనున్న లెక్చరర్‌కు ఇచ్చాడు. తర్వాత తెల్ల కాగితం చదివాడు. అదీ ఇచ్చాడు. లెక్చరర్ రెండింటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. రెండింటి కిందా ఒకే సంతకం. ఒకటి ఆఫీసు ముద్రతో ఉంది, ఒకటి లేదు.

మీ యజమాని గారు ఈ రెండోది ఒప్పుకున్నారా అని ప్రిన్సిపాల్ అడిగాడు. లేదని తబిత చెప్పింది. ఆమెకు అబద్ధం రాదు. ఏ ఆట, ఏ నగరం, ఏ తరగతి అని లెక్చరర్ అడిగాడు. ఆమె వివరించింది. వివరించే కొద్దీ అది ఆమె చెవికే పిచ్చి మాటల్లా వినిపించింది. లేని ఊరు, లేని రేవు, దీపం ఉందా లేదా అనే తగాదా. నూకరత్నం గోడ దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది.

ప్రిన్సిపాల్ రెండు కాగితాలనూ ఫైలులో పెట్టి దారం కట్టాడు. ఆయన మాటలో కోపం లేదు. నిజం ఏదైనా కావచ్చునని, ఆ అమ్మాయి తెలివైనదని తాను చూశానని, అయితే రేపు మేనేజ్‌మెంట్ కమిటీ వాళ్ళు ఈ ఫైలు చూస్తారని అన్నాడు.

"ల్యాబులో పాతిక లక్షల సామానుంటుందమ్మా. తగువు లేని పిల్లని తీసుకుంటే నన్నెవరూ అడగరు."

మూడో అమ్మాయిని లోపలికి పిలిచారు.

టెక్కలి బస్టాండులో ఎండ చుర్రుమంటోంది. తబిత పలాస బస్సు ఎక్కాలి. నూకరత్నానికి పూండి వైపు బస్సు. రెండూ రాలేదు. రేకుల నీడ కింద ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. క్షమించమని అడగాలని తబిత అనుకుంది. రెండుసార్లు తప్పు చేసి ఒక్కసారే అడగడం ఎలాగో తెలియలేదు. నిన్న ఆ పిల్ల ఊరుకోవడం మేలేమోనంది. సోమవారం ఐదు నిమిషాలు వచ్చి చూడమంది. రెండుసార్లూ తను ఆ పిల్ల మాట కంటే సూత్రాన్నే నమ్మింది.

"బోనం సేసినారా అప్పా?" అంది నూకరత్నం.

తబిత లేదని తల అడ్డంగా తిప్పింది. నూకరత్నం తన సంచిలోంచి తల్లి కట్టిచ్చిన క్యారియరు విప్పి, చద్దన్నంలో సగం మూత మీద పెట్టి ఇచ్చింది. తబిత అందుకుంది. తినడం చేతకాలేదు, అయినా తిన్నది.

"మేడమీదోలు ఇయ్యాల పంపినారా ఆ జాబితా?"

"పొద్దున్నే పంపారు. నీ అంకెలే అన్నీ."

"అయితే రేవులో దీపాలుంటాయి."

"ఉంటాయి."

"అంబులెన్సు?"

"వస్తుంది."

"మంచిదే," అంది నూకరత్నం. కొంచెం సేపు రోడ్డు వైపు చూసింది. ఆమె గొంతులో వెటకారం ఉందేమోనని తబిత వెతికింది. లేదు. "ఊరు కాని ఊరైనా, మంచిదే."

పూండి బస్సు వచ్చి ఆగింది. ఖాళీ చేపల గంపలతో ఆడవాళ్ళు ముందు తలుపు దగ్గర తోసుకుంటున్నారు. నూకరత్నం ఖాళీ మూత తీసుకుని సంచిలో పెట్టుకుని, వాళ్ళ వెనకే ఎక్కింది. లోపల ఎవరో గంప ఒళ్ళోకి తీసుకుని ఆమెకు చోటిచ్చారు. బస్సు మలుపు తిరిగే వరకు తబిత ఆ కిటికీనే చూసింది. ఆ తర్వాత పలాస బస్సు వచ్చింది. కండక్టరు రెండుసార్లు పిలిచాడు. ఆమె పూండి బస్సు పోయిన మలుపు వైపే చూస్తూ నిలబడింది, ఎక్కలేదు.